ఓడే జట్టులో తొలి ఏడాది: కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ల ఆరు దశాబ్దాలు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక చిత్రమైన న్యాయం ఉంది. ఏడాదంతా అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకే, కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్లలో మేటి ఎవరో వాణ్ణి ముందుగా ఎంచుకునే హక్కు దక్కుతుంది. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్ 1935లో ఈ ఆలోచన చెప్పారు. 1936లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. డబ్బున్న జట్లే మంచి ఆటగాళ్లందరినీ తన్నుకుపోతుంటే లీగ్ ఎంతో కాలం బతకదని ఆయన వాదం. వాదం సబబే. తొంభై ఏళ్లుగా లీగ్ దాని మీదే నిలబడింది కూడా.

కానీ ఈ న్యాయానికి బలయ్యేది ఎవరో ఎక్కువమంది ఆలోచించరు. ఇరవై ఒకటో ఇరవై రెండో ఏళ్ల కుర్రాడు, కాలేజీలో ఓటమి దాదాపు ఎరగనివాడు, దేశంలోకెల్లా బాగా ఆడినందుకు దక్కిన ఫలితంగా దేశంలోకెల్లా అధ్వాన్నమైన జట్టులోకి వెళ్లి పడతాడు. అతను క్వార్టర్‌బ్యాక్ అయితే మరీ కష్టం. జట్టు దాడంతా అతని చేతి మీదుగానే నడుస్తుంది. గెలిస్తే మొదట అతని బొమ్మే వేస్తారు, ఓడితే మొదటి రాయి అతని మీదే పడుతుంది. మొదటి ఏడాది ఆటగాణ్ణి రూకీ అంటారు. డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలోనో, ప్లేనోలోనో, న్యూజెర్సీలోనో ఆదివారం మధ్యాహ్నాలు టీవీ ముందు కూర్చునే మన తెలుగు కుటుంబాల్లోనూ ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. సీజన్ మొదలై నాలుగు వారాలు కాకుండానే "ఈ కుర్రాడి వల్ల కాదు, వేరేవాణ్ణి చూసుకోవాల్సిందే" అని తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు అరవై ఏళ్లలో ఎన్నిసార్లు నిలిచింది, ఎన్నిసార్లు తప్పింది, తప్పినప్పుడు ఎందుకు తప్పింది అన్నది వెనక్కి తిరిగి చూడాల్సిన సంగతి.

ముందు ఆ పని ఏమిటో దగ్గర నుంచి చూద్దాం. మధ్యలో వంగి ఉన్న సెంటర్ బంతిని వెనక్కి అందిస్తాడు. క్వార్టర్‌బ్యాక్ నాలుగైదు అడుగులు వెనక్కి వేస్తాడు. అతని ముందు లైన్‌మెన్ అయిదుగురు గోడ కట్టాలి. అవతలి వైపు నుంచి నూట ముప్ఫై, నూట నలభై కిలోల మనుషులు ఆ గోడను తోసుకుంటూ వస్తుంటారు. అతనికి దొరికేది రెండున్నర, మహా అయితే మూడు సెకన్లు. ఆ కాస్త వ్యవధిలో ఎడమ వైపు పరిగెత్తే రిసీవర్‌ను చూడాలి. అక్కడ దారి లేకపోతే మధ్యలోకి, అక్కడా లేకపోతే కుడికి చూడాలి. రిసీవర్ ఇంకా వెనక్కి తిరగక ముందే, అతను చేరబోయే చోటుకి బంతి వదలాలి. కాలేజీలో రిసీవర్‌కీ అతన్ని కాపలా కాసేవాడికీ మధ్య రెండు బారల ఎడం ఉండేది. ఇక్కడ అర బార ఉంటే అదృష్టం. గోడ కూలితే బంతి చేతిలో ఉండగానే నేల కూలుస్తారు, అదే శాక్. తొందరపడి వదిలితే బంతి ప్రత్యర్థి చేతిలో పడుతుంది, అది ఇంటర్‌సెప్షన్. పేపర్లో మర్నాడు పడేది ఈ చివరి అంకెలే. గోడ ఎవరు కట్టారు, ఎలా కట్టారు అన్నది ఆ లెక్కలోకి రాదు.

1961లో మిన్నెసోటా వైకింగ్స్ కొత్తగా లీగ్‌లో చేరింది. కొత్త జట్టంటే మిగతా జట్లు వదులుకున్నవాళ్లతో కూర్చిన బొంత. సెప్టెంబరులో మొదటి ఆటలో ఫ్రాన్ టార్కెంటన్ అనే రూకీ బెంచి మీద నుంచి లేచి వచ్చి బంతిని అవతలి చివరి గీత దాటించే టచ్‌డౌన్ పాసులు నాలుగు విసిరాడు, ఒక టచ్‌డౌన్ తనే పరిగెత్తి సాధించాడు. షికాగో బేర్స్ 37–13 తేడాతో చిత్తయింది. అందరూ పండగ చేసుకున్నారు. ఇల్లు అలకగానే పండగ కాదని ఆ సీజన్ చివరకు తేలింది: 3 గెలుపులు, 11 ఓటములు. ఆ ముక్కల గోడ వెనక బతకడానికి టార్కెంటన్ ఒక విద్య నేర్చుకున్నాడు. గోడ కూలగానే అటూ ఇటూ పరిగెత్తుతూ, వెంటపడేవాళ్లను అలవనిచ్చి, అప్పుడు బంతి వదలడం. క్వార్టర్‌బ్యాక్ అలా పరిగెత్తకూడదని అప్పటి పెద్దలు విసుక్కున్నారు. అదే విద్య ఆయన్ని మేటి ఆటగాళ్ల గౌరవ పట్టిక హాల్ ఆఫ్ ఫేమ్ దాకా తీసుకెళ్లింది. బలహీనమైన జట్టు ఒక్కోసారి కుర్రాడికి కొత్త విద్య నేర్పుతుంది. ఎక్కువసార్లు నేర్పేది మాత్రం భయమే.

1969లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్, షికాగో బేర్స్ రెండూ ఒక్కటే గెలిచి పదమూడు ఓడాయి. మొదటి ఎంపిక ఎవరిదో తేల్చడానికి నాణెం ఎగరేశారు. పిట్స్‌బర్గ్ గెలిచి లూయిసియానా టెక్ కుర్రాడు టెర్రీ బ్రాడ్‌షాను తీసుకుంది. అతని 1970 లెక్కలు చూడండి: 218 పాసులు విసిరితే చేరినవి 83. టచ్‌డౌన్లు 6, ఇంటర్‌సెప్షన్లు 24. సుమారుగా తొమ్మిది సార్లు విసిరితే ఒకసారి బంతి శత్రువు చేతిలో పెట్టాడన్నమాట. ఇవే అంకెలు ఈనాటి కుర్రాడివైతే రెండో ఏడాది అతని పేరు కూడా వినిపించదు.

సొంత జట్టు అభిమానులే బ్రాడ్‌షాను గేలి చేశారు. బుర్ర తక్కువవాడన్నారు. ఆ మాట అతన్ని ఏళ్ల తరబడి వెంటాడింది, బాధపడినట్టు అతనే తర్వాత చెప్పుకున్నాడు. కోచ్ చక్ నోల్ కూడా మెత్తటి మనిషి కాదు. అతన్ని పక్కన కూర్చోబెట్టిన సందర్భాలున్నాయి. 1974 సీజన్ మొదలైనప్పుడు ఆడింది బ్రాడ్‌షా కాదు, జో గిలియమ్. అయిదో ఏడు కూడా బెంచి మీద మొదలుపెట్టిన ఆటగాణ్ణి ఎవరైనా దండగ కిందే రాసేస్తారు. కానీ ఆ ఏడాది డ్రాఫ్ట్‌లోనే పిట్స్‌బర్గ్ లిన్ స్వాన్‌ను, జాక్ లాంబర్ట్‌ను, జాన్ స్టాల్‌వర్త్‌ను, మైక్ వెబ్‌స్టర్‌ను తెచ్చుకుంది. నలుగురూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కారు. ఇద్దరు బంతి పట్టేవాళ్లు, ఒకరు బంతి అందించే సెంటర్, ఒకరు అవతలివాళ్లను ఆపేవాడు. సీజన్ మధ్యలో బ్రాడ్‌షా మళ్లీ తన చోటుకొచ్చాడు. 1975 జనవరిలో పిట్స్‌బర్గ్ లీగ్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్‌ను మొదటిసారి గెలిచింది. ఆరేళ్లలో నాలుగు గెలిచింది. 1970లోనూ 1974లోనూ అది అదే చెయ్యి. చుట్టూ ఉన్న జట్టే మారింది. ఇంత పచ్చి నిజాన్ని లీగ్ ఆ తర్వాత పదే పదే మరిచిపోవడమే నాకు బాధ కలిగించే విషయం.

బ్రాడ్‌షా వచ్చిన మరుసటి ఏడాది, 1971 డ్రాఫ్ట్, ఈ విషయానికి ఒక గ్రంథమంత పాఠం. మొదటి ముగ్గురూ క్వార్టర్‌బ్యాక్‌లే. జిమ్ ప్లంకెట్ పేట్రియట్స్‌కి, ఆర్చీ మానింగ్ న్యూ ఓర్లీన్స్ సెయింట్స్‌కి, డాన్ పాస్టొరినీ హ్యూస్టన్‌కి వెళ్లారు. మూడూ ఓడే జట్లే. ప్లంకెట్ మొదటి ఏడాది 19 టచ్‌డౌన్లతో మెరిసి రూకీ బహుమతి అందుకున్నాడు. ఆ తర్వాత దెబ్బ మీద దెబ్బ. పేట్రియట్స్ వదిలించుకుంది, శాన్ ఫ్రాన్సిస్కో కొనుక్కుని అదీ వదిలేసింది. 1978లో ఓక్లండ్ రెయిడర్స్‌లో బెంచి మీద చోటు దొరికింది. 1980లో ఆ రెయిడర్స్‌కి ముందు ఆడుతున్నది ఎవరు? అదే డ్రాఫ్ట్‌లో మూడోవాడైన పాస్టొరినీ. సీజన్ అయిదో ఆటలో పాస్టొరినీ కాలు విరిగింది. ముప్ఫై రెండేళ్ల ప్లంకెట్ లోపలికొచ్చాడు. ఆ సీజన్ చివర సూపర్‌బౌల్ గెలిచి, ఆ ఆటలో ఉత్తముడిగా నిలిచాడు. మూడేళ్లకు ఇంకోటి గెలిచాడు.

ఆర్చీ మానింగ్‌కి ఆ అదృష్టం పట్టలేదు. న్యూ ఓర్లీన్స్‌లో అతనున్నంత కాలం ఆ జట్టు ఒక్క సీజన్‌లోనూ ఓటముల కంటే ఎక్కువ గెలుపులు చూడలేదు. 1980లో అతను 3,716 గజాలు, 23 టచ్‌డౌన్లు విసిరాడు. ఆ రోజుల్లో అవి గొప్ప లెక్కలు. జట్టు మాత్రం ఒక్కటి గెలిచి పదిహేను ఓడింది. సిగ్గుతో అభిమానులు తలకు కాగితం సంచులు తగిలించుకుని స్టేడియానికి వచ్చారు. మొత్తం జీవితంలో అతను మొదలుపెట్టిన ఆటల్లో గెలిచినవి 35, ఓడినవి 101. ఆ అంకెలు చూసి ఆర్చీ చేతకానివాడని ఎవరైనా అంటే, అతని ఆట చూసినవాళ్లు ఒప్పుకోరు. ఓడే జట్టు ఒక మంచి ఆటగాణ్ణి ఎంత నిశ్శబ్దంగా మింగేస్తుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. 2004లో ఆర్చీ చిన్న కొడుకు ఎలై, తనను తీసుకోబోతున్న శాన్ డియెగోకి ఆడనని ముందే తేల్చి చెప్పాడు. దేశమంతా ఆ కుటుంబాన్ని తిట్టింది. తండ్రి పదేళ్లకు పైగా ఏమనుభవించాడో తెలిసిన నేను మాత్రం ఆ కుటుంబాన్ని తప్పుపట్టలేను.

1978లో నియమాలు మారాయి. రిసీవర్‌ను అయిదు గజాలు దాటాక తాకకూడదన్నారు, లైన్‌మెన్ చేతులు చాచి అడ్డుకోవచ్చన్నారు. పాస్ విసరడం అప్పటి నుంచి తేలికవుతూ వచ్చింది. 1970లో లీగ్ మొత్తం మీద విసిరిన పాసుల్లో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే చేరేవి. ఇప్పుడు దాదాపు మూడింట రెండు వంతులు చేరుతున్నాయి. అందుకని బ్రాడ్‌షా అంకెల పక్కన ఈనాటి కుర్రాడి అంకెలు పెట్టి "అప్పుడు వాడూ ఇలాగే ఆడాడు" అని ఓదార్చుకోవడం కూడా తప్పే. ఏ కాలపు అంకెను ఆ కాలపు తూకంతోనే తూచాలి.

ఎనభయ్యో దశకంలో ఇంకో దారి కనిపించింది. 1985, 1986ల్లో టాంపా బే బకనీర్స్‌కి స్టీవ్ యంగ్ ఆడాడు. 19 ఆటలు మొదలుపెడితే గెలిచినవి 3. ఇక లాభం లేదనుకుని టాంపా 1987 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికతో వేరే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది. యంగ్‌ను శాన్ ఫ్రాన్సిస్కో కోచ్ బిల్ వాల్ష్ తెచ్చుకున్నారు. ఆయన చూసింది గెలుపోటముల పట్టిక కాదు, ఆ కుర్రాడి పాదాలు, చెయ్యి, పరుగు. నాలుగేళ్లు ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ జో మొంటానా వెనక కూర్చున్న యంగ్, 1995 జనవరిలో సూపర్‌బౌల్‌లో ఆరు టచ్‌డౌన్ పాసులు విసిరాడు. టాంపాలోనూ అతని దగ్గర అదే చెయ్యి ఉంది. చూసే కన్నే అక్కడ లేదు.

ఇప్పుడు 1989. డల్లాస్ కౌబాయ్స్‌ను జెర్రీ జోన్స్ కొన్నారు. టామ్ లాండ్రీ లాంటి మహాకోచ్‌ను తీసేసి కాలేజీ కోచ్ జిమ్మీ జాన్సన్‌ను తెచ్చారు. మొదటి ఎంపిక ట్రాయ్ ఎయిక్‌మన్. అంతటితో ఆగలేదు, మయామి విశ్వవిద్యాలయంలో తన దగ్గరే ఆడిన స్టీవ్ వాల్ష్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను కూడా జాన్సన్ అదే వేసవిలో తెచ్చుకున్నారు. కుర్రాడి మీద నమ్మకం ఉందో లేదో అతనికే తెలియని పరిస్థితి. అక్టోబరులో జట్టులోని ఒకే ఒక్క పెద్ద తార హెర్షెల్ వాకర్‌ను మిన్నెసోటాకి ఇచ్చేసి, బదులుగా బోలెడన్ని ఎంపికలు తీసుకున్నారు. అంటే ఈ ఏడాది పోయినా పర్లేదు, రేపటి కోసం ఆడుతున్నాం అని. ఆ పోయిన ఏడాది భారం మోసింది ఎయిక్‌మన్ ఒళ్లు.

నవంబరు 12, ఫీనిక్స్ కార్డినల్స్‌తో ఆట. వేలు విరిగి అయిదు ఆటలు బయటున్న ఎయిక్‌మన్ తిరిగి వచ్చిన రోజు. ఆ రోజు అతను 379 గజాలు విసిరాడు, అప్పటికి రూకీల్లో అదే రికార్డు. ఆట ముగియడానికి రెండు నిమిషాల లోపు. డల్లాస్ వెనకబడి ఉంది. ఎయిక్‌మన్ వెనక్కి అడుగులు వేశాడు, బంతి వదిలాడు, వదిలిన క్షణానే ఒక మనిషి వచ్చి నిండుగా గుద్దాడు. బంతి జేమ్స్ డిక్సన్ చేతిలో పడి 75 గజాల టచ్‌డౌన్ అయింది. డల్లాస్ ముందంజ. కానీ దాన్ని విసిరినవాడు అది చూడలేదు. నేల మీద స్పృహ లేకుండా పడి ఉన్నాడు. అంత చేసినా ఆట దక్కలేదు. మిగిలిన కొద్ది సమయంలో ఫీనిక్స్ తిరిగి టచ్‌డౌన్ కొట్టి 24–20తో గెలిచింది. ఆ ఏడాది ఎయిక్‌మన్ మొదలుపెట్టిన పదకొండు ఆటలూ ఓడిపోయాడు. 9 టచ్‌డౌన్లు, 18 ఇంటర్‌సెప్షన్లు. డల్లాస్ గెలిచిన ఒకే ఒక్క ఆటలో క్వార్టర్‌బ్యాక్ వాల్ష్. "చూశారా, వాల్ష్ ఆడితేనే గెలుస్తున్నాం" అన్నవాళ్లు తక్కువేం కాదు.

అయినా జాన్సన్ మరుసటి ఏడాది వాల్ష్‌నే పంపించేశారు. బంతి పట్టుకుని పరిగెత్తే ఎమిట్ స్మిత్ వచ్చాడు, లైన్ బలపడింది. 1991లో నార్వ్ టర్నర్ అనే దాడి కోచ్ వచ్చి, ఎయిక్‌మన్ చేతికి నప్పే పద్ధతి వేశారు. ఈ టర్నర్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. 1993 జనవరిలో డల్లాస్ 52–17తో సూపర్‌బౌల్ గెలిచింది, ఎయిక్‌మన్ ఆ ఆటలో ఉత్తముడు. నాలుగేళ్లలో మూడు గెలిచారు. నవంబరు 12న నేల మీద పడి ఉన్న కుర్రాణ్ణి గెలుపోటముల లెక్కతో కొలిచి ఉంటే ఇవేవీ జరిగేవి కావు.

అయితే బలహీనమైన జట్టే అన్నిటికీ సాకు కాదు. 1998 ఆ సంగతి చెబుతుంది. ఆర్చీ రెండో కొడుకు పేటన్ మానింగ్ మొదటివాడు, రయన్ లీఫ్ రెండోవాడు. ఇద్దరిలో ఎవరు మేలో తేల్చలేక నిపుణులు జుట్లు పీక్కున్నారు. ఆ ఏడాది ఎక్కువ ఇంటర్‌సెప్షన్లు విసిరింది మానింగే: 28. రూకీల్లో అది నేటికీ చెరగని రికార్డు. ఇండియానాపొలిస్ 3 గెలిచి 13 ఓడింది. లీఫ్ విసిరినవి 15, అందుకు దక్కిన టచ్‌డౌన్లు రెండే. ఒక ఆటలో కాన్సస్ సిటీ మీద 15 పాసులకు ఒక్కటి చేరింది, నాలుగు గజాలు. ఇక్కడ అంకెల వెనకున్న తేడా చూడాలి. మానింగ్ విసిరిన 26 టచ్‌డౌన్లు అతని తప్పుల పక్కనే ఉన్నాయి. బంతి ఎక్కడికి వెళ్లాలో అతనికి తెలుసు, అవతలివాడి వేగాన్ని మాత్రం ఇంకా కొలుస్తున్నాడు. లీఫ్ తప్పులు వారం వారం అవే తిరిగి వచ్చాయి, తోటి ఆటగాళ్లతోనూ విలేకరులతోనూ గొడవలు తోడయ్యాయి. తర్వాతి జీవితంలో అతను చాలా కష్టాలు పడ్డాడు. ఇప్పుడు వాటి గురించి ధైర్యంగా నలుగురి ముందు మాట్లాడుతున్నాడు. అతన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. మానింగ్‌కి ఇంకొక అదృష్టం ఉంది. టామ్ మూర్ అనే దాడి కోచ్ మొదటి ఏడాది వచ్చి పదేళ్ల దాకా కదల్లేదు. 1999లో ఆ జట్టు 13 గెలిచి 3 ఓడింది.

ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పాలి. బ్రాడ్‌షా, ఎయిక్‌మన్, మానింగ్ కథలు మనకు గుర్తున్నాయంటే అవి బాగా ముగిశాయి కాబట్టి. ముగియని కథలు ఎవరూ చెప్పుకోరు. "ఎయిక్‌మన్‌కీ ఇలాగే జరిగింది, ఓపిక పట్టండి" అనేవాళ్లు టిమ్ కౌచ్ పేరెత్తరు. 1999లో క్లీవ్‌లండ్ బ్రౌన్స్ మళ్లీ కొత్తగా పుట్టిన జట్టు. కౌచ్‌ను మొదటి ఏడాదే 56 సార్లు నేల కూల్చారు. అయిదేళ్లలో దెబ్బలతో అతని ఆట ముగిసింది.

డేవిడ్ కార్ కథ ఇంకా కలచివేస్తుంది. 2002లో హ్యూస్టన్ టెక్సన్స్ పుట్టింది. కొత్త జట్టు మొదట చేసిన పని సరైనదే. కార్‌ను కాపాడడానికి లీగ్‌లో గొప్ప లైన్‌మన్ టోనీ బొసెల్లీని ఎంచుకుంది. కానీ భుజాల దెబ్బలతో బొసెల్లీ హ్యూస్టన్‌కి ఒక్క ఆట కూడా ఆడలేకపోయాడు. గోడలో పెద్ద రాయి లేని చోట గోడ ఏం నిలుస్తుంది? మొదటి ఆటలో హ్యూస్టన్ డల్లాస్‌ను 19–10తో ఓడించింది. 1961లో టార్కెంటన్ జట్టు తర్వాత కొత్త జట్టు మొదటి ఆటే గెలవడం అదే. ఆ రోజు హ్యూస్టన్ ఊరంతా ఊగిపోయింది. ఆ తర్వాత సీజన్ ముగిసేలోగా కార్‌ను 76 సార్లు నేల కూల్చారు. లీగ్ చరిత్రలో ఒక సీజన్‌కి అదే రికార్డు. అయిదేళ్లలో 249 సార్లు. లీగ్ 1973 నుంచి వాడుతున్న పాసర్ రేటింగ్ అనే కొలమానంలో ఈ 249కి చోటే లేదు, అందులో శాక్‌లు లెక్కించరు. గోడ కూలి మీద పడతారన్న భయం ఒకసారి కాళ్లలోకి దిగితే, తర్వాత గోడ నిలిచినా కాళ్లు నిలవవు. కార్ మంచి చెయ్యి ఉన్న కుర్రాడు. అతన్ని అతని జట్టే పాడు చేసిందని నా నమ్మకం.

2005లో శాన్ ఫ్రాన్సిస్కో అలెక్స్ స్మిత్‌ను మొదటివాడిగా తీసుకుంది. 21 ఏళ్లు. మొదటి ఏడాది ఒక టచ్‌డౌన్, 11 ఇంటర్‌సెప్షన్లు. రెండో ఏడాది దాడి కోచ్‌గా నార్వ్ టర్నర్ వచ్చారు, ఎయిక్‌మన్‌ను తీర్చిదిద్దిన ఆయనే. స్మిత్ 16 టచ్‌డౌన్లకు లేచాడు, జట్టు 7 ఆటలు గెలిచింది. దారిలో పడ్డాడనుకునేలోగా టర్నర్ వేరే జట్టుకి ప్రధాన కోచ్‌గా వెళ్లిపోయారు. ఏడు సీజన్లలో స్మిత్‌కి ఏడుగురు దాడి కోచ్‌లు మారారు. ప్రతివాళ్లూ కొత్త భాష, కొత్త పిలుపులు, కొత్త పుస్తకం. చదువుకునే పిల్లాడికి ఏటా మాధ్యమం మారుస్తూ పోతే ఏం వంటబడుతుంది? 2011లో జిమ్ హార్బా వచ్చాక అదే స్మిత్‌తో జట్టు 13 గెలిచి 3 ఓడింది. అదే 2005 డ్రాఫ్ట్‌లో ఇరవై నాలుగో స్థానానికి జారిన ఆరన్ రాడ్జర్స్, గ్రీన్ బేలో బ్రెట్ ఫావ్ర్ వెనక మూడేళ్లు కూర్చుని నేర్చుకున్నాడు. ఇద్దరి జీవితాల్లో తేడా అంతా ప్రతిభదే అంటే నేను నమ్మను.

2011లో డబ్బు లెక్క మారింది. అంతకుముందు ఏడాది మొదటి ఎంపిక శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి 5 కోట్ల డాలర్లు ఖాయంగా ఇచ్చారు. కొత్త ఒప్పందం తర్వాత కామ్ న్యూటన్‌కి దక్కింది సుమారు 2 కోట్ల 20 లక్షలు. కుర్రాడు చవకయ్యాడు. దాంతో జట్లకు ఓపిక తగ్గింది. 2018లో అరిజోనా జాష్ రోజన్‌ను పదో ఎంపికగా తీసుకుంది. అతనున్న జట్టు 3 గెలిచి 13 ఓడింది. ఒక్క ఏడాది తిరగకుండానే కోచ్‌ను మార్చి, ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుని రోజన్‌ను అమ్మేసింది. అతను మళ్లీ కోలుకోలేదు. అతని వల్ల అయ్యేదో కాదో ఇప్పటికీ చెప్పలేం, అంత సమయమే ఎవరూ ఇవ్వలేదు. అదే డ్రాఫ్ట్‌లో బఫలో తీసుకున్న జాష్ ఆలెన్ మొదటి ఏడాది పాసుల్లో 52.8 శాతమే చేరాయి. బఫలో కంగారు పడలేదు. కోచ్‌ను మార్చలేదు, లైన్ కట్టింది, 2020లో రిసీవర్ స్టెఫాన్ డిగ్స్‌ను తెచ్చింది. ఆ ఏడాది ఆలెన్ 69.2 శాతానికి ఎదిగాడు. 2024 సీజన్‌కి లీగ్‌లో అత్యుత్తముడి పురస్కారం అందుకున్నాడు.

2016లో రామ్స్ రూకీ జారెడ్ గాఫ్ మొదలుపెట్టిన ఏడు ఆటలూ ఓడాడు. మరుసటి ఏడాది ముప్ఫై ఏళ్ల షాన్ మక్‌వే కోచ్‌గా వచ్చారు, ఆండ్రూ విట్‌వర్త్ అనే అనుభవజ్ఞుడు ఎడమ వైపు గోడ కట్టాడు. గాఫ్ 28 టచ్‌డౌన్లకు 7 ఇంటర్‌సెప్షన్లు మాత్రమే విసిరాడు. ఇంకో ఏడాదికి సూపర్‌బౌల్ ఆడాడు. 2021లో రామ్స్ అతన్ని డెట్రాయిట్‌కి ఇచ్చి మాథ్యూ స్టాఫర్డ్‌ను తెచ్చుకుంది. ఈ స్టాఫర్డ్ ఎవరు? 2008లో పదహారు ఆటలకు పదహారూ ఓడిన డెట్రాయిట్ లయన్స్, 2009లో మొదటివాడిగా తీసుకున్న కుర్రాడు. ఆ ఏడాది 20 ఇంటర్‌సెప్షన్లు విసిరాడు. అదే ఏడాది నవంబరులో క్లీవ్‌లండ్ మీద భుజం దెబ్బతిని నేల మీద పడిపోయి, డాక్టర్లు వద్దంటున్నా లేచి వెళ్లి ఆఖరి పాస్‌తో 38–37 గెలిపించాడు. ఆ రోజు డెట్రాయిట్ గెలిచిందా ఓడిందా అన్నది చిన్న విషయం. ఆ కుర్రాడు ఎలాంటివాడో ఆ ఒక్క నిమిషం చెప్పింది. పన్నెండేళ్లు డెట్రాయిట్‌లో మోసి, రామ్స్‌లో మొదటి ఏడాదే సూపర్‌బౌల్ గెలిచాడు. గాఫ్ డెట్రాయిట్‌ను సూపర్‌బౌల్‌కి ఒక్క మెట్టు కింద దాకా తెచ్చాడు. ఇద్దరూ మొదటి ఏడాది చెల్లని నాణేలనిపించుకున్నవాళ్లే.

2023లో కారొలైనా పాంథర్స్ బ్రైస్ యంగ్ కోసం షికాగోకి తన మంచి రిసీవర్ డి.జె. మూర్‌నూ, రాబోయే ఎంపికలనూ ఇచ్చి మొదటి చోటు కొనుక్కుంది. క్వార్టర్‌బ్యాక్‌ను కొనడానికి అతను బంతి విసరాల్సిన మనిషిని అమ్మేసిందన్నమాట. ఫలితం 2 గెలుపులు, 15 ఓటములు. యంగ్‌ను 62 సార్లు కూల్చారు. పదకొండు ఆటలకే కోచ్‌ను తీసేశారు. రెండోవాడిగా హ్యూస్టన్ తీసుకున్న సి.జె. స్ట్రౌడ్ మాత్రం అదే ఏడాది 23 టచ్‌డౌన్లకు 5 ఇంటర్‌సెప్షన్లతో అదరగొట్టాడు. "అదీ బలహీనమైన జట్టే కదా" అని నన్నడిగేవాళ్లున్నారు. నిజమే, అంతకుముందు ఏడాది హ్యూస్టన్ గెలిచినవి మూడే. కానీ ఆ కుర్రాడు వచ్చేటప్పటికి కొత్త కోచ్ ఉన్నారు, ఎడమ వైపు లారెమీ టన్సిల్ లాంటి గోడ ఉంది. కార్ రోజుల్లో చేసిన తప్పును ఆ ఊరు మళ్లీ చెయ్యలేదు. స్ట్రౌడ్ గొప్పదనాన్ని ఇది తగ్గించదు, యంగ్‌ను దోషిని చెయ్యడం ఎంత అన్యాయమో మాత్రం చెబుతుంది.

కారొలైనా అలా షికాగోకి ఇచ్చేసిన ఎంపికే, ఆ జట్టు ఓడి ఓడి, 2024లో మొదటి చోటయింది. దాంతో షికాగో కేలబ్ విలియమ్స్‌ను తీసుకుంది. అతన్ని 68 సార్లు కూల్చారు, సీజన్ మధ్యలోనే దాడి కోచ్‌నూ ప్రధాన కోచ్‌నూ తీసేశారు. ఆ గందరగోళంలోనూ అతను విసిరిన ఇంటర్‌సెప్షన్లు 6 మాత్రమే. గోడ లేకపోయినా బంతిని కాపాడినవాడికి గోడ కట్టి చూడకుండా తీర్పు చెప్పడం నేరం. 2025లో టెన్నెసీ కామ్ వార్డ్‌ను మొదటివాడిగా తెచ్చుకుని, ఆరు ఆటలు కాగానే కోచ్‌ను పంపించేసింది.

నా మటుకు నేను కుర్రాడి మొదటి ఏడాదిలో గెలుపులు లెక్కపెట్టను. సెప్టెంబరులో చేసిన తప్పే డిసెంబరులోనూ చేస్తున్నాడా అని చూస్తాను. దెబ్బ తిన్న మరుక్షణం అతని కళ్లు ముందుకు చూస్తున్నాయా, మీదకొచ్చేవాళ్ల వైపు చూస్తున్నాయా అని చూస్తాను. ఓడిన తర్వాత తోటివాళ్ల మీద నెపం వేస్తున్నాడా అని చూస్తాను. ఈ మూడూ సరిగ్గా ఉంటే, అదే కోచ్‌తో, మంచి లైన్‌తో రెండేళ్లు ఆడాకనే తీర్పు. ఆ రెండేళ్లు ఇవ్వని జట్టు యజమానిని నిలదీయాలి, కుర్రాణ్ణి కాదు.

వచ్చే ఆదివారం మీ జట్టు కుర్రాడు బంతిని అవతలివాడి చేతిలో పెడితే, సోఫాలోంచి లేచి తిట్టే ముందు ఆ ఆట మళ్లీ చూపించేదాకా ఆగండి. అతని చేతిని కాదు, అతని ముందున్న అయిదుగురి కాళ్లను చూడండి.